అలల గోలలో గాలి ఆనవాళ్లు

చలికాలం తెల్లవారుజామున జైపూర్, గోదావరిఖని పరిసరాల్లో బొగ్గు పొయ్యిల పొగ నిటారుగా పైకి పోదు. ఇంటి కప్పులు దాటగానే అడ్డంగా పరుచుకుంటుంది. రాత్రంతా చల్లారిన నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. దానిపైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టు నిలుస్తుంది. గాలిలో ఇలాంటి పొరలు సముద్రం మీదా ఏర్పడతాయి. అక్కడ అవి అడ్డుపడేది పొగకు కాదు, రాడార్ తరంగాలకు.

దేశంలో మొదటి ఎస్-బ్యాండ్ తుపాను రాడార్‌ను 1970లో విశాఖపట్నంలోనే పెట్టారు. ఇప్పుడు కైలాసగిరి మీద డాప్లర్ రాడార్ ఉంది. ఎస్-బ్యాండ్ రాడార్ తరంగం పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. అది నీటిని తాకినప్పుడు పెద్ద కెరటాల కన్నా, వాటి మీద లేచే 5 సెంటీమీటర్ల చిట్టి అలలే ఎక్కువగా సంకేతాన్ని వెనక్కి పంపుతాయి. వాన మేఘాన్నో, ఓడనో వెతికేవారికి ఇది ‘క్లట్టర్’, అంటే అడ్డమొచ్చే గోల. అందుకే దాన్ని వడపోసి తీసేస్తారు.

కానీ ఆ గోలలోనే గాలి స్వభావం దాగి ఉంది.

రేడియో తరంగం గాలిలో ఎంత వంగుతుందో ఉష్ణోగ్రత, తేమ, పీడనం నిర్ణయిస్తాయి. దీనికి శాస్త్రవేత్తలు వాడే కొలత వక్రీభవనత (రిఫ్రాక్టివిటీ). మామూలుగా అది కిలోమీటరు ఎత్తుకు 40 యూనిట్ల చొప్పున తగ్గుతుంది. అప్పుడు తరంగం కొద్దిగా కిందికి వంగి, కంటికి కనిపించే దిగంతం కన్నా కాస్త ముందుకు పోతుంది. తగ్గుదల 157 యూనిట్లు దాటిందా, తరంగం భూమి వంపును మించి వంగి, నీటికీ పై పొరకూ మధ్య చిక్కుకుంటుంది. దీన్నే డక్ట్ అంటారు. నీటి ఆవిరి వల్ల సముద్రం మీద కొద్ది మీటర్ల నుంచి సుమారు 40 మీటర్ల ఎత్తు వరకు ఇలాంటి డక్ట్ తరచుగా ఉంటుంది. వేసవిలో పొడి పడమటి వడగాలి తీరం దాటి తేమ గాలి మీదికి వెళ్లినప్పుడు ఇంకా మందమైన డక్ట్‌లకు వీలుంటుంది.

దీని బలం ఎంతో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బొంబాయి రాడార్ చూపించింది. వేసవిలో అది వెయ్యి మైళ్లకు పైగా దూరంలోని అరేబియా తీరాన్ని కూడా పట్టుకుంది. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. డక్ట్‌కు కాస్త పైన ఎగిరే విమానం రాడార్‌కు అందకుండా పోవచ్చు. లేని వాన తెరమీద కనిపించవచ్చు.

మరి డక్ట్‌ను కొలిచేదెలా? విశాఖ, మచిలీపట్నం కేంద్రాల నుంచి వాతావరణ బెలూన్లు ఎగరేస్తారు. బెలూన్ సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో లేస్తుంది. అంటే 40 మీటర్లను 8 సెకన్లలో దాటేస్తుంది. పైగా అది ఎగిరేది నేల మీది నుంచి. సముద్రం మీది పలుచని పొర గురించి దానికి తెలిసేది తక్కువ.

రాడార్ మాత్రం నిమిషాల వ్యవధిలో మళ్లీ మళ్లీ సముద్రాన్ని చూస్తుంది. డక్ట్ లేకపోతే అలల సంకేతం దూరంతో పాటు త్వరగా సన్నగిల్లుతుంది. డక్ట్ ఉంటే దూరం నుంచి కూడా బలంగా వస్తుంది, కొన్నిచోట్ల పట్టీలుగా హెచ్చుతగ్గులవుతుంది. కంప్యూటర్‌లో రకరకాల గాలి పొరలను ఊహించి, ఒక్కోదానికీ ఎలాంటి క్లట్టర్ రావాలో లెక్కగడతారు. అసలు సంకేతానికి బాగా సరిపోయే పొరనే జవాబుగా తీసుకుంటారు. అమెరికాలోని వాలప్స్ ద్వీపంలో 1998లో సేకరించిన రాడార్ డేటాతో పీటర్ గెర్‌స్టాఫ్ట్ బృందం ఇలా లెక్కించింది. ఫలితాలను హెలికాప్టర్ కొలతలతో పోల్చి 2003లో ప్రచురించింది.

చిక్కులు లేకపోలేదు. గాలి వేగం మారితే అలలూ మారి, సంకేతం బలం మారుతుంది. రెండు వేర్వేరు పొరలు ఒకేలాంటి క్లట్టర్ ఇవ్వవచ్చు. కాబట్టి సముద్రంలో తేలే పరికరాల (బోయ్‌ల) కొలతలతో సరిచూసుకోవాలి.

ఈ పనికి కావలసిన సరంజామా మనకు దగ్గరలోనే ఉంది. సాగర సమాచారం సేకరించే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లో ఉంది. వాతావరణ, సముద్ర శాస్త్రాలు బోధించే ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలోనే ఉంది. తీర రాడార్లు వడపోతకు ముందు అందుకునే క్లట్టర్‌ను భద్రపరచి, పరిశోధక విద్యార్థుల చేతికి అందించాలి.