అర్ధరాత్రి పన్నెండు గంటల భయం
లారీల లెక్క రాసే కుర్రాళ్ళకు కరువైన కునుకు

హైదరాబాద్ పాతబస్తీ: పగటిపూట పెద్ద లారీలను నగరంలోకి రానివ్వరు. అందుకే పాతబస్తీ వాకిట ఉన్న అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్, బేగంబజార్‌లలోని ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకు చీకటి పడ్డాకే అసలు పని మొదలవుతుంది. మదీనా, పత్తర్‌గట్టీ దుకాణాల బట్టల బేళ్ళు, లాడ్‌బజార్ గాజుల పెట్టెలు హమాలీల వీపుల మీద, తోపుడు బండ్ల మీద ఇక్కడికి చేరతాయి. గుమాస్తా బిల్టీ రాస్తాడు. లారీ కదులుతుంది.

సరుకు కోసం పట్నం వెళ్ళే మన జిల్లా వ్యాపారులకు ఇది కొత్త కాదు. అయితే ఆ లారీ వెనుక కంటికి కనిపించని మరో మనిషి కూడా మేలుకొని ఉంటున్నాడు. అతడు బండి నడపడు, బస్తా మోయడు. బిల్టీలు, కిరాయిలు, బండి నంబర్లు కంప్యూటర్‌లో తప్పు లేకుండా నడిచేటట్లు సాఫ్ట్‌వేర్ రాస్తాడు. పల్లెల నుంచి చదువుకొని వెళ్ళిన పిల్లలు కూడా ఈ పనిలో ఉన్నారు. జీతం బాగానే వస్తోంది. నిద్ర మాత్రం రావడం లేదు.

బిల్టీ పోయి బిల్లు వచ్చె

ఈ విద్య హైదరాబాద్‌కు కొత్తదేమీ కాదు. ఇక్కడ పుట్టిన ఫోర్ సాఫ్ట్ అనే కంపెనీ సరుకు రవాణా సాఫ్ట్‌వేర్‌ను విదేశీ సంస్థలకు అమ్మింది. 2013లో అది విదేశీ సంస్థ చేతికి వెళ్ళింది. అయితే బేగంబజార్ గుమాస్తాకు కంప్యూటర్ తప్పనిసరి అయింది మాత్రం పన్ను చట్టం మారాకనే. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ, 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకుకు ఈ-వే బిల్లు వచ్చాయి. తాజా కూరగాయల వంటి వాటిని మినహాయిస్తే, 50 వేల రూపాయలు దాటిన సరుకుకు ఈ బిల్లు ఉండాలి.

బిల్లుకు గడువు ఉంటుంది. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్క. నాగ్‌పూర్ సుమారు 500 కిలోమీటర్లు గనుక మూడు రోజులు. గడువు ఆఖరి రోజు అర్ధరాత్రితో ముగుస్తుంది. దారిలో బండి చెడి సరుకు మరో బండికి మార్చితే కొత్త నంబరు ఎక్కించాలి. లేకుంటే తనిఖీలో బండిని ఆపుతారు. పన్నుకు రెట్టింపు జరిమానా పడవచ్చు.

ఆ రాత్రి జరిగింది

పేరు రాయవద్దన్న ఒక యువకుడు శాలిబండలో గది అద్దెకు తీసుకొని, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీలో పని చేస్తున్నాడు. 2024 వానాకాలంలో నాగ్‌పూర్ వెళ్ళే లారీ ఒకటి ఆదిలాబాద్ దగ్గర యాక్సిల్ విరిగి నిలిచిపోయింది. సరుకును మరో లారీకి మార్చేసరికి మూడో రోజు రాత్రి 11 గంటలయింది. కొత్త నంబరు వేస్తే సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు. వెంటనే గుమాస్తా ఫోన్ చేశాడు.

యువకుడి గుండె దడదడలాడింది. చేతులు వణికాయి. మళ్ళీ ఫోన్ మోగితే ఏం చెప్పాలో తోచక దాన్ని బోర్లించి పెట్టాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు తప్పు దొరికింది. 2024 మార్చి నుంచి మన రాష్ట్రంలో కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో టీజీ అన్న రెండక్షరాలు లేవు. ఒక్క వరుస చేర్చితే సరిపోయింది.

ఉద్యోగం ఊడినట్లేనని అనుకుంటూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాడు. ముసలి గుమాస్తా చాయ్ తాగుతూ కనిపించాడు. "నువ్వు ఫోన్ ఎత్తకపోతివి బేటా. సర్కారు సైట్ల నేనే చేత్తోని నంబర్ వేసిన. గడువు గూడ పెంచిన. లారీ నాగ్‌పూర్ చేరింది. నువ్వెందుకు రాత్రంత కూసున్నవ్?" అన్నాడు.

గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల వరకు పొడిగించుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. యువకుడికి ఆ సంగతి తెలియక కాదు. భయంలో గుర్తుకు రాలేదు.

"మా కాలంల లారీ పోతే మూడు రోజులు కబురు లేకుండె. అల్లా మీద భారం వేసి పండుకుంటుంటిమి. ఇప్పుడు బండి యాడ ఉన్నదో నిమిషం నిమిషం కనబడుతది. అందుకే పరేషాన్" అని ఆ గుమాస్తా చెప్పిన మాటలో నిజం లేకపోలేదు.

చెప్పుకుంటేనే మేలు

లారీ చేరింది గాని భయం పోలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడడం, అన్నం సహించకపోవడం నెలల తరబడి సాగాయి. తల్లి ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్న" అనేవాడు. చెబితే ఎర్రగడ్డకు తీసుకుపోతారని, ఊళ్ళో నవ్వుతారని జంకాడు. చివరకు ఊరి నుంచి వచ్చిన అక్క ముఖం చూసి పసిగట్టింది. వెంటబెట్టుకొని ఉస్మానియా ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. ఇది పిచ్చి కాదని, ఆందోళన అనే జబ్బని, మాట సాయంతో, అవసరమైతే మందుతో నయమవుతుందని డాక్టరు చెప్పారు.

ఆఫీసులోనూ రెండు మార్పులు జరిగాయి. రాత్రి ఫోన్లు ఒక్కడికే రాకుండా ఇద్దరు వంతులు వేసుకున్నారు. సాఫ్ట్‌వేర్ ఆగితే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి గుమాస్తా బల్ల ముందు గోడకు అంటించారు. అందులో మొదటి వరుస "సర్కారు సైట్‌లో చేత్తో వేయాలి" అన్నదే.

కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. లారీ డ్రైవరుకైనా, కంప్యూటర్ ముందు కూర్చున్న వాడికైనా బాధ ఒక్కటే. ఇలాంటి వారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న టెలి మానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పట్నంలో ఉద్యోగం చేసే పిల్లలు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు జీతం ఎంత పెరిగిందని అడుగుతాం. రాత్రి నిద్ర పడుతోందా అని కూడా అడగాలి. ఆ యువకుడి అక్క అడిగింది ఆ ఒక్క మాటే.