గర్భోపఘాతకర భావములు – జనపదదోషములు : దివిసీమ దృష్టాంతము

శిశువు యొక్క భావి ఆరోగ్యమునకు గర్భస్థితియందే బీజములు పడునను విషయమును ఆయుర్వేదమును, ఆధునిక వైద్యమును వేర్వేరు మార్గముల ప్రతిపాదించినవి. అయితే ఆ బీజములకు బాధ్యత తల్లిదా, జనపదానిదా అను ప్రశ్న తరచుగా విడువబడుచున్నది. కృష్ణానది సాగరమును చేరు ప్రాంతమును ముందుంచుకొని చరకసంహితలోని రెండధ్యాయములను జోడించి చదివినచో దీనికి సమాధానము లభించును.

శారీరస్థానము తృతీయాధ్యాయమున మాతృజ, పితృజ, ఆత్మజ, సాత్మ్యజ, రసజ భావముల సముదాయమే గర్భమని చెప్పబడినది. రక్తము, హృదయము, వృక్కములు మాతృజములు. అష్టమమగు జాతిసూత్రీయాధ్యాయమున గర్భోపఘాతకర భావముల పరిగణన కలదు. నిత్యము మధురమును సేవించు గర్భిణికి ప్రమేహియో, మూగయో, అతిస్థూలుడో అగు సంతానము కలుగును. నిత్యము లవణమును సేవించు నామె సంతానమునకు ముడుతలును, తలనెరయుటయు, బట్టతలయు శీఘ్రముగా వచ్చును. నిత్యము శోకించు నామెకు భీరువో, కృశుడో, అల్పాయుష్కుడో జన్మించును. ఇది అందలి సారము.

ఈ పరిగణనమును ఒంటరిగా గ్రహించినవారు దోషమంతయు తల్లి నాలుకపైనను, మనస్సుపైనను మోపుదురు. అది యెంత అసంగతమో దివిసీమ చూపును. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన అచ్చట వేలాది ప్రజలను బలిగొన్నది. నాడు గర్భిణులై యుండి బంధువులను పోగొట్టుకొన్న స్త్రీల శోకము అపచారమగునా? ఉప్పెన ముంచిన చెరువుల నీరు త్రాగవలసి వచ్చుట రుచిలౌల్యమగునా? ఉప్పెన లేని దినములందును నాగాయలంక, కోడూరు వంటి తీరమండలములలో భూగర్భజలము ఉప్పగానే యుండును. కాలువనీటితో నింపిన మంచినీటి చెరువే ఊరికి దిక్కు. అది ఎండినచో గర్భిణికి వేరొక ఎంపిక లేదు.

ఇట్టి నీటి ఫలమును బంగ్లాదేశ్ తీరమున పరిశోధకులు పరీక్షించిరి. త్రాగునీటిలో లవణము హెచ్చిన కొలది గర్భిణులలో రక్తపోటు, గుర్రపువాతపు లక్షణములు హెచ్చుచున్నట్లు 2014లో ప్రకటించిరి. చరకుడు లవణమునకు చెప్పిన ఫలములు ముడుతలు, నెరపులే కాని రక్తపోటు కాదు. నేటి నిర్ణయమును ప్రాచీనవాక్యమున చొప్పించుట వ్యాఖ్యానధర్మము కాదు. అట్లే ప్రమేహము నేటి మధుమేహముతో పూర్తిగా సమానము కాదు. గ్రహింపదగినది సూత్రమే : తల్లి శరీరమున చేరినది సంతానమున దీర్ఘకాలము నిలుచును.

ఈ సూత్రమునకు పూరకము విమానస్థానము తృతీయమగు జనపదోద్ధ్వంసనీయము. గంగాతీరమున కాంపిల్యము చెంత అగ్నివేశుడు గురువగు ఆత్రేయుని అడిగినది ఇదియే : ప్రకృతి, ఆహారము, వయస్సు వేరైన జనులకు ఏకకాలమున ఒకే వ్యాధి యెట్లు కలుగును? వాయువు, ఉదకము, దేశము, కాలము అందరికిని సమానములనియు, అవి చెడినప్పుడు జనపదమంతయు చెడుననియు సమాధానము. వాని చెడుటకు మూలము అధర్మము. అందు దేశనగరముల పెద్దల అధర్మము మొదట చెప్పబడినది. కావున ఉప్పునీటి ఊరిలో గర్భిణికి పథ్యము చెప్పుటకంటె ఆ ఊరికి మంచినీరు చేర్చుట ముందు ధర్మము.

జనపదము పూనుకొన్నచో ఫలమెట్లుండునో హైదరాబాదు చెంత 29 గ్రామములలో జరిగిన పరిశోధన తెలుపును. జాతీయ పోషకాహార సంస్థ 1987–90 నడుమ కొన్ని గ్రామములలో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయాపిండుల ఉప్మా ప్రతిదినము అందుబాటులో ఉంచినది; తక్కిన గ్రామములను పోలికకై తీసికొన్నది. ఆ పిల్లలు 13–18 ఏండ్ల వారైన పిదప 2003–05లో 1165 మందిని పరీక్షించిరి. ఆహారమందిన గ్రామముల వారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవైరి. ఇన్సులిన్ నిరోధము, ధమనుల కాఠిన్యము తక్కువగా నుండెను. రక్తపోటునందు మాత్రము చెప్పదగిన భేదము కానరాలేదు. 2008లో ప్రకటితమైన ఈ ఫలితము పరిమితమే అయినను ఒకటి స్పష్టము : మార్పు తెచ్చినది తల్లుల సంకల్పము కాదు, ఊరికి చేరిన ఆహారము.

హాలెండులో 1944–45 కరవునకు నియతకాలము ఉండుటచే గర్భమున దానికి లోనైన వారిని, ముందు వెనుకల పుట్టిన వారిని పోల్చుట సాధ్యమైనది. దివిసీమకును అట్టి తేదీ కలదు. నాడు గర్భస్థులై 1978 ఆగస్టులోపల జన్మించినవారు నేడు ఏబది యేండ్లకు చేరువగా నున్నారు. హృద్రోగమధుమేహములు బయటపడు వయస్సు ఇదియే. వారిని తరువాత పుట్టిన వారితోను, సముద్రమునకు దూరమగు గుడివాడ పరిసరముల సమవయస్కులతోను పోల్చవచ్చును. బందరు మొదలగు చోట్ల జననపత్రములు, పాఠశాలల ప్రవేశపత్రములు శిథిలము కాకుండ భద్రపరచుట దీనికి తొలిమెట్టు.

జాతిసూత్రీయమును పాఠము చెప్పు ఆచార్యులు జనపదోద్ధ్వంసనీయమును వెంటనే చెప్పుట యుక్తము. మొదటిది వ్యాధి చేరు ద్వారమును చూపును; రెండవది ఆ ద్వారమును కాపాడవలసినవారిని చూపును. ఒకటి విడిచి రెండవదానిని చెప్పినచో శాస్త్రము దుఃఖితయైన తల్లిపై అభియోగముగా మారును.