నాలుగు శాతం మీద నానా మాటలు

హైదరాబాద్‌ అశోక్‌నగర్ చౌరస్తా నుంచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దాకా నడిస్తే రిజర్వేషన్ల మీద వినపడని వాదన ఉండదు. నోటిఫికేషన్ పడిందంటే చాలు, టీ కొట్టు దగ్గరే రోస్టర్ లెక్కలు తేలిపోతాయి. కులం కోటా మీద గొంతు చించుకునే కుర్రాళ్లు వికలాంగుల కోటా దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిస్తారు. ‘వాడికేం, పీహెచ్ సర్టిఫికెట్ ఉంది’ అని ఓ మాట అని, గ్లాసు కింద పెట్టి వెళ్లిపోతారు. నడిచి వెళ్లేంత దూరంలో ఇందిరాపార్కు ధర్నాచౌక్ ఉంది. పింఛను పెంచమని మూడు చక్రాల బండ్లలో వచ్చి కూర్చునేవాళ్ల మీదా ఇలాంటి మాటలే పడతాయి. వాటిలో ఎక్కువగా వినపడేవాటిని ఇక్కడ తరచి చూద్దాం.

అపోహ: తిరిగి చేసే ఉద్యోగాలకు వికలాంగులు పనికిరారు.

2024 జులైలో ఈ మాటకు పెద్ద పీట దక్కింది. తెలంగాణ సీనియర్ ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్ సోషల్ మీడియాలో ఓ ప్రశ్న వేశారు. విమానానికి వికలాంగ పైలట్‌ను పెడతారా, వికలాంగ సర్జన్‌ను నమ్ముతారా, అలాంటప్పుడు క్షేత్రస్థాయిలో తిరగాల్సిన అఖిల భారత సర్వీసులకు ఈ కోటా ఎందుకు అన్నది దాని సారాంశం. జవాబు అశోక్‌నగర్ నుంచే వచ్చింది. ఇక్కడ సివిల్స్ కోచింగ్ ఇచ్చే బాలలత రెండుసార్లు సివిల్స్‌లో ర్యాంకు తెచ్చుకున్నారు. 2016 పరీక్షలో ఆమె ర్యాంకు 167. ఆమె కూడా వికలాంగురాలే. ఇద్దరం మళ్లీ పరీక్ష రాద్దాం, ఎవరికి ఎక్కువ మార్కులొస్తాయో చూద్దామని సవాలు విసిరారు.

సవాలు సంగతి అలా ఉంచుదాం. పైలట్ ప్రశ్నకు చట్టం ఎప్పుడో జవాబు చెప్పేసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఏ పోస్టుకు ఏ వైకల్యం ఉన్నవారు సరిపోతారో ప్రభుత్వం ముందే గుర్తించాలి. పని స్వభావాన్ని బట్టి కొన్ని సంస్థలకు మినహాయింపు ఇవ్వడానికీ వీలుంది. యూపీఎస్సీ ఏటా ఇచ్చే నోటిఫికేషన్‌లో ఏ సర్వీసుకు చూపు కావాలి, దేనికి నడక కావాలి అని పట్టిక వేసి మరీ చెబుతుంది. ఐఏఎస్‌లో వికలాంగులకు చోటు ఉందంటే అది ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు, పనిని పరీక్షించి తేల్చింది.

ఇక తిరగడం మాట. చిన్ననాడే పోలియో సోకిన సూదిని జైపాల్‌రెడ్డి కర్రల సాయంతోనే కల్వకుర్తి పల్లెలు తిరిగి 1969లో ఎమ్మెల్యే అయ్యారు. 1980లో మెదక్‌లో సాక్షాత్తూ ఇందిరాగాంధీ మీదే పోటీకి దిగారు. ఓడిపోయారు, అది వేరే సంగతి. తర్వాత కేంద్రంలో పెట్రోలియంతో సహా పలు శాఖలు చూశారు. ట్యాంక్‌బండ్ అవతల నెక్లెస్ రోడ్డులో ఆయన సమాధి ఉంది. ఆయన జనం గోడు వినలేకపోయారని ప్రత్యర్థులు కూడా అనలేదు.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం ఉన్నట్టే. అందులో మా పోస్టులు పోతున్నాయి.

ముందు లెక్క చూద్దాం. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 నాటి పాత చట్టంలో ఏడే ఉండేవి. అయితే ఉద్యోగాల్లో ఇచ్చే నాలుగు శాతం ఈ 21 రకాలకూ వర్తించదు. చూపు లోపానికి ఒక శాతం. వినికిడి లోపానికి ఒకటి. కాళ్లూ చేతుల వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, మరుగుజ్జుతనం, యాసిడ్ దాడి బాధితులు, కుష్ఠు నయమైనవారు, కండరాల క్షీణత, వీళ్లందరికీ కలిపి ఒకటి. ఆటిజం, మానసిక వైకల్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మానసిక రుగ్మత, ఒకటికి మించి వైకల్యాలున్నవారు, వీళ్లందరికీ కలిపి చివరి ఒకటి. తలసీమియా, సికిల్ సెల్, హిమోఫీలియా, పార్కిన్సన్స్ ఉన్నవారు చట్టం దృష్టిలో వికలాంగులే, ఉద్యోగ కోటాలో మాత్రం లేరు. ఎన్ని యూనిట్ల రక్తం ఎక్కించుకుని పరీక్ష హాలుకు వచ్చినా తలసీమియా కుర్రాడికి దక్కేది ఓపెన్ పోటీయే. నన్నడిగితే ఈ చట్టంలోని అసలు అన్యాయం ఇది. టీ కొట్టు దగ్గర దీని మీద వాదన జరిగినట్టు ఎప్పుడూ వినలేదు.

పైగా ఇది సమాంతర రిజర్వేషన్. 1992 నాటి ఇందిరా సాహ్నీ తీర్పు నుంచీ ఇదే సూత్రం. ఎంపికైన బీసీ వికలాంగుడు బీసీ ఖాతాలోకే వెళ్తాడు, ఓసీ వికలాంగుడు ఓపెన్ ఖాతాలోకే వెళ్తాడు. కులం కోటాల మీద కొత్తగా ఇంకో నాలుగు శాతం వచ్చి చేరదు.

మార్కులు తక్కువైనా లాగేసుకుంటారన్న మాటకు ఇరా సింఘాల్ ఉదంతం చాలు. వెన్నెముక వైకల్యం ఉన్న ఆమెకు తోయడం, లాగడం, ఎత్తడం చేతకాదంటూ మొదట రెవెన్యూ సర్వీసు ఇవ్వలేదు. ట్రైబ్యునల్‌కు వెళ్లి గెలిచారు. 2014 సివిల్స్‌లో దేశం మొత్తానికీ మొదటి ర్యాంకు ఆమెదే.

స్క్రైబ్‌తో రాసేవారికి గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వడం మీదా గొణుగుడు ఉంటుంది. మీరే ఓసారి కళ్లు మూసుకుని, జనరల్ స్టడీస్ జవాబు పక్కవాడికి చెప్పి రాయించి చూడండి. ఆ 20 నిమిషాలు ఎక్కడికి పోతాయో తెలుస్తుంది.

అపోహ: సర్టిఫికెట్లలో సగం దొంగవే.

వికలాంగుల కోటాలో ఎంపికైన ట్రైనీ ఐఏఎస్ పూజా ఖేడ్కర్ వ్యవహారంతో ఈ అనుమానానికి రెక్కలొచ్చాయి. 2024 జులై 31న యూపీఎస్సీ ఆమె అభ్యర్థిత్వాన్ని రద్దు చేసింది. అందుకు చూపిన ప్రధాన కారణం పేరూ వివరాలూ మార్చి, అనుమతించిన దానికంటే ఎక్కువసార్లు పరీక్ష రాయడం. వైకల్యం మాట తర్వాతే. దొంగలు లేరని కాదు, ఉన్నారు. వారికోసం 2016 చట్టంలో 91వ సెక్షన్ ఉంది. మోసంతో లబ్ధి పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. దొంగ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది ఓ డాక్టరేనన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు.

నిజమైనవాళ్లకు సర్టిఫికెట్ దొరకడమే ఓ పరీక్ష. స్లాట్ దొరకాలి. వైకల్యాన్ని తేల్చే సదరం శిబిరం రోజున ప్రభుత్వాసుపత్రిలో వరుసలో నిలబడాలి. వినికిడి అయితే బెరా పరీక్ష చేయించుకోవాలి. 40 శాతానికి ఒక్క అంకె తగ్గినా అంతే సంగతులు. రెండు వైకల్యాలుంటే కూడేస్తారనుకుంటారు. కూడరు. ఒకటి 60, ఇంకోటి 30 ఉన్నాయనుకోండి. 90లోంచి 60 తీస్తే మిగిలే 30ని రెండో వైకల్యం 30తో గుణించి 90తో భాగిస్తారు. వచ్చిన 10ని 60కి కలిపితే 70. ఈ లెక్క చెప్పేవాళ్లు లేక, తమకు అన్యాయం జరిగిందనుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చునేవాళ్లుంటారు.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగ పింఛనుదారులకు మళ్లీ తనిఖీలు చేసి, శాతం తగ్గిందంటూ నోటీసులిచ్చారు. మంచం దిగలేనివాళ్లకూ నోటీసులు రావడంతో గొడవైంది. చివరికి అప్పీలుకు అవకాశం ఇవ్వక తప్పలేదు. అనుమానంతో మొదలుపెట్టిన తనిఖీ మొదట తగిలేది నడవలేనివాడికే.

అపోహ: పింఛను ఓట్ల కోసం పంచే ఉచితం.

ఓట్ల కోసమే పెంచుతారు, అందులో అబద్ధం లేదు. వికలాంగులకు ఉమ్మడి రాష్ట్రంలో 500. తెలంగాణలో ఆసరా పథకం వచ్చాక 2014లో 1,500, 2019లో 3,016, 2023 ఎన్నికల ముందు 4,016. ఆ ఎన్నికల్లోనే కాంగ్రెస్ ఆరు వేలు ఇస్తామంది. పక్క రాష్ట్రంలో 2024 జులై నుంచి ఆరు వేలు అందుతున్నాయి. ఇక్కడ ఆ మాట గుర్తుచేస్తూ మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో వికలాంగులు 2025లో ఊరూరా సభలు పెట్టాల్సి వచ్చింది. కేంద్రం వాటా సంగతైతే చెప్పనక్కర్లేదు. 80 శాతం వైకల్యం, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబం అయితేనే నెలకు 300. అది 2012 నుంచి కదల్లేదు.

అయినా ఇది ఉచితం కాదు. నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, వైకల్యం ఉన్నప్పుడు ప్రభుత్వ సాయం అందేలా చూడాలని రాజ్యాంగం 41వ అధికరణంలోనే రాసి ఉంది. వికలాంగులకిచ్చే సాయం అదే తరహా పథకాల్లో ఇతరులకిచ్చే దానికంటే కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని 2016 చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. ఏ పార్టీ మేనిఫెస్టో ఉన్నా లేకున్నా ఈ రెండూ ఉంటాయి.

చివరగా ఈ వీధుల్లో వ్యాపారం చేసేవారికో మాట. స్టడీ హాళ్లు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు చాలావరకు రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో ఉంటాయి. ఇరుకు మెట్లు, లిఫ్టు ఉండదు, ఉన్నా ఫర్నిచర్ అడ్డం. వికలాంగులకు అందుబాటులో ఉంచాల్సిన బాధ్యత ప్రభుత్వ భవనాలదే అనుకుంటున్నారేమో. 2016 చట్టం 46వ సెక్షన్ ప్రకారం జనానికి సేవలందించే ప్రైవేటువాళ్లదీ అదే బాధ్యత. 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇచ్చిన రెండేళ్ల గడువు 2019లోనే తీరిపోయింది. లిఫ్టు వేయించే స్తోమత లేకుంటే కనీసం కింది అంతస్తులో నాలుగు సీట్లు ఉంచండి, గుమ్మం దగ్గర ఓ ర్యాంపు కట్టించండి.