రీస్లింగ్ సీసా మీద ముందు ఏం చూడాలి? గోంగూర మటన్‌తో నాకు తెలిసొచ్చిన సంగతి

ఈ ఎపిసోడ్ సనత్‌నగర్‌లో మా ఇంటి నుంచే. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమనుకోకండి. ఈరోజు రీస్లింగ్ గురించి మాట్లాడుకుందాం. జర్మనీ వాళ్ల తెల్ల వైన్. 21 ఏళ్లు నిండనివాళ్లు మాత్రం ఇక్కడే ఆగిపోండి.

ముందు నా తప్పు చెప్తాను. మా బామ్మర్ది జర్మనీ నుంచి వస్తూ రెండు సీసాలు తెచ్చాడు. రెండూ రీస్లింగే, రెండూ మోజెల్ వైపువే. ఆదివారం ఎర్రగడ్డ రైతుబజార్ నుంచి గోంగూర తెచ్చాం, మా ఆవిడ మటన్ వండింది. నేను గొప్పగా ఒక సీసా తీశాను. రెండు ముద్దలు, ఒక గుటక. నోరు భగ్గుమంది! వైన్ చేదుగా తగిలింది, కారం రెట్టింపైనట్టు అనిపించింది. "ఏమండీ, కారం ఎక్కువైందా?" అని పాపం మూడుసార్లు అడిగింది. కూరలో ఏ లోపమూ లేదు. రాత్రి మిగిలిన కూరతో రెండో సీసా తీస్తే గిన్నె ఖాళీ అయింది. ద్రాక్ష అదే, నది అదే. మరి తేడా ఎక్కడ?

మోజెల్ నది ఫ్రాన్స్ కొండల్లో పుట్టి, జర్మనీలో కోబ్లెంజ్ దగ్గర రైన్‌లో కలుస్తుంది. ఒడ్డున నిట్టనిలువు కొండలు. బ్రెమ్ అనే ఊరి దగ్గర కాల్మాంట్ తోట వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీలు. మనిషి పాకాల్సిందే. చాలా తోటల్లో నేలంతా పలకరాయి. చిన్నప్పుడు బలపంతో రాసిన మార్కాపురం పలక గుర్తుందా? ఆ జాతి రాయే. పగలంతా ఎండ పీల్చుకుని రాత్రి మెల్లగా వేడి వదులుతుంది. అంత చలిదేశంలో కాయ పండడానికి ఆ వేడి పెద్ద సాయం.

మన హైదరాబాద్‌కి ద్రాక్ష కొత్తేం కాదు, అనాబెషాహీ పేరు పెద్దవాళ్లకి తెలుసు. కానీ ఇక్కడి ఎండకి పండులో తీపి తొందరగా ఎక్కుతుంది, పులుపు పడిపోతుంది. మోజెల్‌లో కాయ అక్టోబర్ దాకా నిదానంగా పండుతుంది కాబట్టి తీపి వచ్చినా పులుపు పోదు. రీస్లింగ్ ప్రాణమంతా ఆ పులుపులోనే ఉంది. ఈ ద్రాక్ష పేరు 1435 నాటి జర్మన్ లెక్కల పుస్తకంలోనే కనిపిస్తుంది, అంత పాతది.

ఇప్పుడు అసలు సంగతి. ఈస్ట్ ద్రాక్షలో చక్కెర తిని ఆల్కహాల్ చేస్తుంది. చివరిదాకా తిననిస్తే తీపి ఉండదు, ఆల్కహాల్ 12, 13 శాతానికి చేరుతుంది. మధ్యలో ఆపేస్తే తీపి మిగులుతుంది, ఆల్కహాల్ 8 దగ్గరే ఉంటుంది. నేను మొదట తీసిన సీసా మీద "ట్రాకెన్" అని ఉంది, అంటే తీపి లేనిది. ఆల్కహాల్ కారం మంటని పెంచుతుంది, తీపి దాన్ని తగ్గిస్తుంది. నేను చేసింది మంటలో నూనె పోయడమే కదా! రెండోది "కాబినెట్", 8 శాతం. కానీ కాబినెట్ అన్న మాట ఒక్కటే చూసి కొనకండి, కాబినెట్ ట్రాకెన్ కూడా ఉంటుంది. ముందు ట్రాకెన్ ఉందా లేదా, తర్వాత ఆల్కహాల్ శాతం. అంతే.

గోంగూరకి ఇది ఎందుకు కుదిరిందంటే, కూర పుల్లగా ఉంటే దానికి తగ్గ పులుపు వైన్‌లోనూ ఉండాలి. లేకపోతే వైన్ నీళ్లలా చప్పబడుతుంది. చేపల పులుసుకీ అదే లెక్క. కోడి వేపుడు, మిర్చి బజ్జీ, అల్లం చట్నీతో పెసరట్టు... అన్నిటికీ ఆ 8, 9 శాతం సీసాయే. బిర్యానీకి కొంచెం తీపి ఉన్నది, "ఫైన్‌హెర్బ్" అని రాసుంటుంది, అది నాకు బాగా నచ్చింది. ట్రాకెన్ పనికిరాదని కాదు, కారం లేని నిమ్మకాయ చేప వేపుడుతో పెట్టండి. ఆవకాయ అన్నంతో మాత్రం ఏదీ వద్దు, మజ్జిగ తాగండి! షుగర్ ఉన్నవాళ్లు తీపి వైన్ విషయంలో డాక్టర్‌ని అడగండి.

ఇంకొకటి. మన ఎండాకాలంలో సీసాని వంటింటి అటక మీద పెట్టకండి, పాడైపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి, తాగే ముందు పది నిమిషాలు బయట ఉంచితే చాలు. మూత తీశాక కూడా ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది. మా ఇంట్లో ఆ రోజు అడ్డం తిరిగిన ట్రాకెన్ అలాగే మంగళవారం దాకా ఉంది, అప్పడాలతో అయిపోయింది.