ముఖాన చుక్క... ఎక్కడ పెట్టాలి?

హైదరాబాద్‌ కృష్ణానగర్‌లో ముఖమే పెట్టుబడి. సినిమాల్లో ఒక్క ఛాన్సు కోసం ఊళ్ల నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకున్నవాళ్లకు ఎత్తుపళ్లు, వంకర దవడ చిన్న విషయాలేం కాదు. వాటిని సరిచేయాలంటే ముందు కొలతలు కావాలి. ఆ కొలతలన్నిటికీ ఆధారం... కొన్ని చుక్కలు!

1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్‌, జర్మనీలో హోఫ్రాత్‌ తలను కదలకుండా ఉంచి పక్క నుంచి ఎక్స్‌రే తీసే పద్ధతిని ఎవరికి వారే ప్రకటించారు. ఆ ఫిల్ముపై గుర్తులు పెట్టి గీతలు కలిపితే ఏ దవడ ఎంత ముందుకొచ్చిందో తెలుస్తుంది. నుదుటి ఎముక, ముక్కు ఎముక కలిసేచోటు నేసియన్‌. దవడ మూల గోనియన్‌. చిక్కల్లా ఏమిటంటే, దవడకు కచ్చితమైన మూలంటూ ఉండదు, వంపే ఉంటుంది. ముగ్గురు డాక్టర్లు మూడుచోట్ల చుక్క పెట్టొచ్చు.

1990ల చివర్లో కోన్‌ బీమ్‌ సీటీ వచ్చాక కుడిఎడమలు ఒకదానిమీద ఒకటి పడే బాధ తప్పింది. కానీ 'అన్నిటికంటే కింద ఉన్నచోటు' అనే గుర్తు, తల కాస్త వాలితే మారిపోతుంది. వెలుగుతో తీసే ముఖం స్కాన్‌లో రేడియేషన్‌ భయం లేదు. కంటి కొసలు ఇట్టే దొరుకుతాయి. కండ చాటున ఉన్న దవడ మూల మాత్రం కనపడదు. అందుకే ముందే వేలితో తడిమి చర్మంపై పెన్నుతో గుర్తు పెడతారు.

మిల్లీమీటరు తేడాకే ఇంత హడావుడా? నేసియన్‌ నుంచి పై దవడ గుర్తుకు గీసే గీత సుమారు అయిదారు సెంటీమీటర్లు. కింది కొస 1 మి.మీ. ముందుకు జరిగితే కోణం దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. స్టైనర్‌ లెక్కలో పై, కింది దవడల మధ్య మామూలు తేడానే 2 డిగ్రీలు!

మరి నమ్మేదెలా? ఒకే డాక్టరు కొన్ని రోజులాగి, పాత చుక్కలు చూడకుండా మళ్లీ పెట్టాలి. ఇంకొకరూ పెట్టాలి. తేడా ఎంత తక్కువైతే నమ్మకం అంత ఎక్కువ. అయితే రెండుసార్లూ ఒకే తప్పుచోట పెట్టినా తేడా సున్నానే! ఇప్పుడు కంప్యూటరూ చుక్కలు పెడుతోంది. తేడా 2 మి.మీ. లోపుంటే ఫర్వాలేదని పరిశోధకులు లెక్కేస్తుంటారు. కానీ అది నేర్చుకున్నది మనుషులు పెట్టిన చుక్కల్ని చూసే.

కాబట్టి దవడ ఆపరేషన్‌ అన్నప్పుడు తెరమీద తిరిగే రంగుల బొమ్మను చూసి మురిసిపోకండి. 'ఈ గుర్తుల్ని ఎవరైనా రెండోసారి సరిచూశారా డాక్టరుగారూ?' అని అడగండి. అడగడానికి మొహమాటమెందుకు... ముఖం మీదే కదా!