ట్రాలీ వెనక్కి నడపడం ఎందుకంత కష్టం?

పత్తి సీజన్‌లో ఏ జిన్నింగ్ మిల్లు దగ్గరైనా కనిపించే దృశ్యమే ఇది. లోడుతో వచ్చిన ట్రాక్టర్, ట్రాలీని గోడ పక్కకు వెనక్కి పెట్టాలి. కొత్త డ్రైవరు స్టీరింగ్ ఎడమకు తిప్పితే ట్రాలీ కుడికి పోతుంది. సరిచేసేలోపే అడ్డం తిరుగుతుంది. వెనకున్నవాళ్లు హారన్లు కొడతారు. ‘ఇటు తిప్పు, అటు తిప్పు’ అని తలా ఒక మాట అంటారు. కంగారులో ఇంకాస్త వెనక్కి పోనిస్తే, ట్రాలీ మూల వచ్చి ట్రాక్టర్ పెద్ద టైరుకు తగులుతుంది.

ఇందులో డ్రైవరు చేతకానితనం కన్నా భౌతికశాస్త్రం పాత్రే ఎక్కువ. ముందుకు వెళ్లేటప్పుడు బుద్ధిగా వెంట వచ్చే ట్రాలీ, రివర్స్ గేరు వేయగానే స్వభావం మార్చుకుంటుంది.

ముందుకు తగ్గుతుంది, వెనక్కి పెరుగుతుంది

ట్రాలీ చక్రాలు తాము చూస్తున్న దిక్కులోనే దొర్లుతాయి, పక్కకు జారవు. ట్రాక్టర్ ముందుకు లాగినప్పుడు ట్రాలీ కాస్త వంకరగా ఉన్నా, ఆ లాగుడే దాన్ని క్రమంగా వరుసలోకి తెస్తుంది. వెనక్కి తోసినప్పుడు సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఉన్న కొద్దిపాటి వంకరను ఆ తోపుడు మరింత పెంచుతుంది.

ఎంత వేగంగా పెరుగుతుందో లెక్క కట్టవచ్చు. పిన్ను నుంచి ఇరుసు వరకు 3 మీటర్లున్న రెండు చక్రాల ట్రాలీని తీసుకుందాం. ట్రాక్టర్‌కూ ట్రాలీకీ మధ్య 2 డిగ్రీల తేడా ఉంది. కంటికి దాదాపు ఆనదు. స్టీరింగ్ కదపకుండా తిన్నగా వెనక్కి వెళితే 3 మీటర్ల తర్వాత ఆ తేడా 5 డిగ్రీలు దాటుతుంది. 6 మీటర్లకు సుమారు 15 డిగ్రీలు, 9 మీటర్లకు దాదాపు 39 డిగ్రీలు. అంటే కోణం చిన్నగా ఉన్నంతవరకు, ట్రాలీ పొడవంత దూరానికి ఒకసారి చొప్పున తప్పు సుమారు 2.7 రెట్లవుతుంది.

అరచేతిపై కర్ర నిలబెట్టే ఆట ఆడినవారికి ఈ ఇబ్బంది తెలిసిందే. కర్ర కాస్త ఒరిగితే ఇంకా ఒరుగుతుంది. పొడుగు కర్రను నిలబెట్టడం తేలిక, పొట్టి కర్రను నిలబెట్టడం కష్టం. ట్రాలీ కూడా అంతే. పొట్టి ట్రాలీ త్వరగా అడ్డం తిరుగుతుంది. ముందు ఇరుసు కూడా తిరిగే నాలుగు చక్రాల ట్రాలీలో మలుపు తిరిగే చోట్లు రెండుంటాయి. పైగా లాగే కడ్డీ పొట్టిది. అందుకే దాన్ని వెనక్కి పెట్టడం అనుభవజ్ఞులకూ పరీక్షే.

కర్రకు లేని సౌలభ్యం ఒకటి ట్రాలీకి ఉంది. చేయి కదలకపోయినా కర్ర పడిపోతుంది. ట్రాలీలో మాత్రం తప్పు పెరిగేది సమయంతో కాదు, దూరంతో. బండి ఆపితే తప్పూ ఆగుతుంది. నిదానంగా వెళ్లమని పెద్ద డ్రైవర్లు చెప్పడంలో ఉన్న అర్థం ఇదే. నిదానంగా వెళ్లినంత మాత్రాన ట్రాలీ స్వభావం మారదు. కానీ చూసి, ఆలోచించి, తిప్పడానికి డ్రైవరుకు వ్యవధి దొరుకుతుంది.

చేయి కిందకు

నేర్చుకునేవారికి ఉపయోగపడే ఒక చిట్కా ఉంది. స్టీరింగ్ చక్రాన్ని అడుగు భాగంలో పట్టుకోవాలి. ట్రాలీ ఎటు పోవాలో చేతిని అటే కదపాలి. చేయి ఎడమకు కదిలితే చక్రం కుడికి తిరుగుతుంది, ట్రాలీ ఎడమకు మళ్లుతుంది. కావలసినంత మళ్లాక స్టీరింగ్‌ను వెనక్కి తిప్పి, ట్రాక్టర్‌ను ట్రాలీ వెంట నడిపించాలి. కొత్తవారు మరిచిపోయేది ఈ రెండో అడుగునే.

అమెరికాలో 2016 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లో ఇదే పనికి ఒక చిన్న గుండ్రటి మీట పెట్టారు. ట్రైలర్ పోవలసిన వైపు దాన్ని తిప్పితే, స్టీరింగ్ సంగతి కంప్యూటర్ చూసుకుంటుంది. అంతకు చాలా ముందే, 1989లో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెరిక్ న్గుయెన్, బెర్నార్డ్ విడ్రో ఒక కృత్రిమ నాడీజాలానికి కంప్యూటర్‌లో ట్రైలర్ ట్రక్కును వెనక్కి నడపడం నేర్పారు. మొదట గమ్యానికి దగ్గరగా, తేలికైన స్థితుల నుంచి మొదలుపెట్టి, క్రమంగా కష్టమైనవి ఇచ్చారు. మనుషులకూ ఈ పద్ధతే మేలు. ముందు ఖాళీ పొలంలో, ఖాళీ ట్రాలీతో, తిన్నగా. మలుపులూ ఇరుకు గేట్లూ ఆ తర్వాత.

ముందుకు తీయడం ఓటమి కాదు

కోణం ఒక హద్దు దాటితే స్టీరింగ్ చివరి దాకా తిప్పినా ట్రాలీ లొంగదు. ఇంకా వెనక్కి తోస్తే కడ్డీ వంగవచ్చు, టైరు చీలవచ్చు, బోల్తా పడే ప్రమాదమూ ఉంది. అప్పుడు ఉన్న దారి ఒక్కటే, ముందుకు తీయడం. ఆ 39 డిగ్రీల వంకర 3 మీటర్లు తిన్నగా ముందుకు వెళితే 15కు, 6 మీటర్లకు 5కు దిగివస్తుంది. వెనక్కి వెళ్తూ పెంచిన తప్పును ముందుకు వెళ్లడం దానంతటదే తుడిచేస్తుంది.

చుట్టూ నలుగురు చూస్తుండగా ముందుకు తీయడాన్ని నామోషీగా భావించేవారే ఎక్కువ. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. ఎత్తుగా నింపిన పత్తి వెనుక ఎవరున్నారో డ్రైవరుకు కనిపించదు. ట్రాలీకీ గోడకూ మధ్య ఎవరూ నిలబడకూడదు. పిల్లలను ఆ దరిదాపుల్లోకి రానివ్వకూడదు. సైగ చేసేది ఒక్కరే కావాలి, అదీ డ్రైవరుకు కనిపించే చోట నిలబడి. ఆ మనిషి కనుమరుగైతే బండి వెంటనే ఆపాలి.

చేయి తిరిగిన డ్రైవరుకూ కొత్తవాడికీ తేడా తప్పు చేయకపోవడంలో లేదు. తప్పు 5 డిగ్రీలుగా ఉన్నప్పుడే పసిగట్టడంలో, అది 39కి చేరితే మొహమాటపడకుండా ముందుకు తీయడంలో ఉంది.