మీటరు చూపించని ఊగు

మా ప్రాజెక్టు బల్ల మీద ముందుగా కాలిపోయింది ఒక టి.టి.ఎల్. చిప్పు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 వోల్టులు తీసే బక్ కన్వర్టరును మేమే కట్టుకున్నాం. మీటరు సరిగ్గా 5 చూపిస్తోంది. మరి చిప్పెందుకు పోయినట్టు? స్విచ్చి వేసిన మొదటి క్షణంలో ఏం జరిగిందో మీటరు చెప్పదు.

ఈ కన్వర్టరులో ట్రాన్సిస్టరు సెకనుకు లక్షసార్లు కలిసి విడిపోతుంది. ప్రతిసారీ 12లో 5 వంతుల కాలం కలిపి ఉంచితే సగటున 5 వోల్టులు వస్తాయి. ఆ వంతునే డ్యూటీ అంటాం. ముక్కలుగా వచ్చే వోల్టేజిని ఇండక్టరు, కెపాసిటరు నునుపు చేస్తాయి. చిక్కంతా ఈ జంటతోనే. శక్తిని ఒకదానికొకటి అందించుకుంటూ ఉయ్యాల ఊగుతాయి. మా ఇండక్టరు 100 మైక్రోహెన్రీలు, కెపాసిటరు 100 మైక్రోఫారడ్లు, భారం 5 ఓములు. లెక్క కడితే డాంపింగు నిష్పత్తి 0.1 మాత్రమే. అంటే వోల్టేజి 8.6 దాకా ఎగిరి, ఊగి ఊగి, 4 మిల్లీసెకన్లకు గాని కుదుటపడదు. ఆ చిప్పుకు హద్దేమో 7 వోల్టులు!

ఉయ్యాలను ఆపాలంటే అది ఎక్కడుందో చూస్తే చాలదు, ఎంత జోరుగా పోతోందో కూడా చూడాలి. ఇక్కడా అంతే. కెపాసిటరు వోల్టేజి, ఇండక్టరు కరెంటు రెండూ తెలిస్తే కన్వర్టరు స్థితి పూర్తిగా తెలిసినట్టే. రెండింటినీ కొలిచి, తగిన గుణకాలతో హెచ్చించి, డ్యూటీని సవరించడమే స్థితి ఫీడ్‌బ్యాకు.

ట్రాన్సిస్టరు కలిసినప్పుడొక సమీకరణం, విడిపోయినప్పుడొకటి కదా అంటారా? ఆ రెండింటినీ కాలపు వంతుల ప్రకారం సగటు చేసే పద్ధతిని 1976లో మిడిల్‌బ్రూక్, చుక్ చూపించారు. మా ఊగు సెకనుకు సుమారు 1600 సార్లే కనుక ఆ సగటును నమ్మవచ్చు.

ఇక డిజైను. మా లక్షణ సమీకరణంలో మొదటి ఘాతం గుణకం 2000, స్థిరపదం 10 కోట్లు. స్థిరపదాన్ని అలాగే ఉంచి గుణకాన్ని 14,000 చేస్తే డాంపింగు 0.7 అవుతుంది. పోల్చి చూస్తే, కరెంటు 1 ఆంపియరు పెరిగితే డ్యూటీని 0.1 తగ్గించాలి, వోల్టేజి 1 వోల్టు పెరిగితే 0.02 పెంచాలి. రెండోది వింతగా తోచినా లెక్క అదే. ఇప్పుడు వోల్టేజి 5.25 దాటదు.

సంబరపడేలోగా ఇంకో దెబ్బ. మరో 1 ఆంపియరు లాగే భారం తగిలిస్తే, ఆ కరెంటును కూడా ఊగే అనుకుని ఫీడ్‌బ్యాకు డ్యూటీని తగ్గిస్తుంది. వోల్టేజి 3.8కి దిగి అక్కడే కూర్చుంటుంది! అందుకే 5 వోల్టులకు ఎంత తక్కువైందో దాని సమాకలనాన్ని మూడో స్థితిగా చేర్చి, గుణకాలను మళ్ళీ లెక్కకట్టాలి. లోటు ఉన్నంతసేపూ సమాకలనం పెరుగుతూనే ఉంటుంది, లోటు పూడ్చేదాకా ఊరుకోదు.

కనుక జూనియర్ మిత్రులారా, చిప్పు పెట్టేముందు ఆసిలోస్కోపు తగిలించండి. స్విచ్చి వేసి ఒకసారి, భారం మార్చి ఒకసారి చూడండి. మేము చిప్పు ఖరీదిచ్చి నేర్చుకున్న పాఠం మీకు ఉచితం.